ఏనుగు ఫోటో: చూపేది, దాచేది



సెలవుల్లో మీరు ఒక అభయారణ్యానికి సఫారీకి వెళ్లారనుకుందాం. రెండు మూడు గంటలు జీపులో తిరిగి వచ్చేసరికి మీ దగ్గర రెండు మూడు వందల ఏనుగు ఫోటోలు పోగవుతాయి. వాటన్నిటినీ ఎవరికీ చూపించరు. నాలుగైదు ఎంచుకుని నలుగురికీ పంపుతారు. తక్కినవి మీ దగ్గరే ఉండిపోతాయి. ఆ నాలుగైదు ఏవి? అవే ఎందుకు?

ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ గడిచిన నూటముప్పై ఏళ్లలో ఏనుగు గురించి లోకం ఏమనుకుంది, ఏనుగును ఏం చేసింది అనే విషయాల్లో ఈ ఎంపికకు పెద్ద పాత్రే ఉంది. ఫోటో తీయడం ఒక పని. తీసినవాటిలో ఏది పదిమందికీ చూపాలో నిర్ణయించడం మరో పని. ఈ రెండో పని చరిత్రనే మనం ఈ పాఠంలో చూడబోతున్నాం.

మనకు ఒక పాత సామెత ఉంది: ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. ఈ సామెతను మనసులో ఉంచుకుని చదవండి. ఫోటోల విషయంలో అది ఎంతవరకు నిజమో చివరికి మీరే తేల్చుకోవచ్చు.

కదలని జంతువే కావాలి

మొదట కెమెరా సంగతి తెలుసుకుందాం. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతి మూడు దశాబ్దాల పాటు రాజ్యమేలింది. గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరేలోపే కెమెరాలో పెట్టి, కాంతి సోకనిచ్చి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. పలకకు కాంతి సోకడానికి చాలాసార్లు కొన్ని సెకండ్లు పట్టేది. మరి ఏనుగు ఏం చేస్తుంది? ఒంటి వేడి తగ్గించుకోవడానికి చెవులు ఊపుతూనే ఉంటుంది. తొండం ఊరుకోదు. ఫోటోలో చెవుల చోట పొగమంచులాంటి మరక మిగులుతుంది.

కాబట్టి ఆనాటి ఛాయాచిత్రకారుడికి రెండు రకాల జంతువులే అనుకూలం. ఒకటి, మావటి చెప్పినట్టు నిలబడే మచ్చిక ఏనుగు. రెండు, చచ్చిన జంతువు. వేటగాడు కళేబరం మీద కాలు పెట్టి, తుపాకీ పట్టుకుని నిలబడే ఫోటోలు అంత విరివిగా కనిపించడానికి అహంకారం ఒక కారణమైతే, ఈ సాంకేతిక పరిమితి మరో కారణం. 1870ల చివరికి పొడి జెలటిన్ పలకలు బజారులోకి వచ్చాయి. కాంతి సోకే కాలం సెకనులో చిన్న భాగానికి తగ్గింది. అయినా అలవాటు మాత్రం వెంటనే పోలేదు.

దీనికి మన హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్. 1902లో హైదరాబాద్ రాజ్యంలో వేటకు వచ్చిన వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య చచ్చిన పులి దగ్గర నిలబడిన ప్రసిద్ధ ఫోటో దీన్ దయాళ్ స్టూడియో తీసినదే. ఆ కాలపు వేట ఫోటోల్లో ఏనుగులు తరచుగా కనిపిస్తాయి. కానీ ఏనుగుగా కాదు, వాహనంగా. అంబారీ మోసే బలంగా. చూసేవాడి కళ్లు దొర మీదికీ పులి మీదికీ వెళతాయి. బొమ్మలో అందరికంటే పెద్ద ప్రాణి అదే అయినా, దాన్ని ఎవరూ చూడరు.

నిజం ఓడిపోయిన సందర్భం

‘సఫారీ’ తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ప్రయాణం అనే అర్థమిచ్చే మాట. అరబీలోని ‘సఫర్’ దీనికి మూలం. ఉర్దూ ద్వారా మనకు తెలిసిన సఫర్ కూడా అదే. అయితే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సఫారీ అంటే వేట యాత్ర.

వాటిలో పేరు మోసినది అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909-10లో చేసినది. స్మిత్‌సోనియన్ సంస్థకు నమూనాలు సేకరించడం దాని ఉద్దేశం. ఆయనా, ఆయన కుమారుడు కెర్మిట్ కలిసి 512 జంతువులను కాల్చారు. వాటిలో 11 ఏనుగులు. ఆ యాత్ర సాగుతుండగానే చెర్రీ కియర్టన్ అనే బ్రిటిష్ ఛాయాచిత్రకారుడు ఆఫ్రికాలో రూజ్‌వెల్ట్‌ను కలిసి నిజమైన దృశ్యాలు చిత్రీకరించాడు. ఈలోగా షికాగోలో విలియం సెలిగ్ అనే నిర్మాత ఏం చేశాడో చూడండి. రూజ్‌వెల్ట్ పోలికలున్న నటుడిని పెట్టి, స్టూడియోలో అడవి సెట్టు వేసి, ఒక ముసలి సింహాన్ని తెప్పించి కాల్పించి 1909లోనే సినిమా విడుదల చేశాడు. జనం విరగబడి చూశారు. 1910లో వచ్చిన కియర్టన్ నిజమైన చిత్రం మాత్రం చప్పగా ఉందనిపించుకుంది.

ఈ సంఘటనను గుర్తుంచుకోండి. జంతువులు ఎక్కువ సేపు మేస్తాయి, నిలబడతాయి, పడుకుంటాయి. చూసేవాడికేమో ఉద్రేకం కావాలి. నూరేళ్ల కిందట మొదలైన ఈ పేచీ ఇప్పటికీ తీరలేదు.

అదే కాలంలో వేరే ఆలోచన చేసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ నార్త్ బక్స్‌టన్ తుపాకీకి బదులు కెమెరా పట్టమని 1902లోనే వేటగాళ్లను కోరాడు. జర్మన్ దేశస్థుడు కార్ల్ షిల్లింగ్స్ తూర్పు ఆఫ్రికాలో రాత్రివేళ మెరుపు పొడి వెలిగించి తీసిన వన్యమృగాల ఫోటోలు 1905లో పుస్తకంగా వచ్చి సంచలనం కలిగించాయి. మన దేశంలో సంయుక్త రాష్ట్రాల అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ దారికి అడ్డంగా సన్నటి తీగ కట్టి, దాన్ని తొక్కిన పులే తన ఫోటో తాను తీసుకునే ఏర్పాటు చేశాడు. ఆ ఫోటోలతో 1927లో ఆయన పుస్తకం వెలువడింది. ఈనాటి కెమెరా ట్రాపులకు అది ముందుతరం.

దూసుకొచ్చే ఏనుగు

ఇక ఏనుగు దగ్గరికి వద్దాం. 1924 నుంచి 1927 వరకు అమెరికన్ దంపతులు మార్టిన్, ఓసా జాన్సన్ కెన్యా ఉత్తర భాగంలోని మార్సబిట్ కొండ మీద ఒక సరస్సు పక్కన మకాం వేశారు. కొడాక్ కంపెనీ స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ వాళ్లకు ఆర్థికంగా అండగా నిలిచినవారిలో ఒకడు. మార్టిన్ కెమెరా తిప్పుతుంటే, జంతువు మీదికొస్తే కాల్చడానికి ఓసా తుపాకీతో కాపలా ఉండేది. వాళ్లు ఏనుగుల ప్రశాంత దృశ్యాలెన్నో తీశారు. కానీ ప్రేక్షకుల మనసులో నిలిచినవి మీదికి దూసుకొచ్చే దృశ్యాలే.

ఇక్కడ కొంచెం జంతు ప్రవర్తన శాస్త్రం తెలుసుకోవాలి. ఏనుగు చెవులు విప్పార్చి, తల ఎత్తి, ఘీంకరిస్తూ ముందుకొచ్చి మధ్యలో ఆగిపోవడం చాలా తరచుగా జరుగుతుంది. ఇది బెదిరింపు మాత్రమే. ‘ఇంత దగ్గరికి రావద్దు’ అని చెప్పడం. అంటే, దూసుకొచ్చే ఏనుగు ఫోటో ఏనుగు స్వభావం గురించి చెప్పేదాని కంటే, కెమెరా ఎంత దగ్గరికి వెళ్లిందో ఎక్కువగా చెబుతుంది. చూసేవాడికి మాత్రం అది క్రూరమృగం. అలాంటి బొమ్మలు వందల సంఖ్యలో చూసిన సమాజం ఏనుగును శత్రువుగా తలచడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ధోరణికి భిన్నంగా నడిచిన భారతీయుడు మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ (1912–1996). 1950 నుంచి చనిపోయేవరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి మీద శీర్షిక రాశారు. రకరకాల భాగాలు కూర్చి తన కెమెరా తానే తయారు చేసుకున్నారు. రంగుల ఫిల్ము వచ్చాక కూడా నలుపు తెలుపుల్లోనే తీశారు. ముదుమలై వంటి దక్షిణాది అడవుల్లో ఏనుగులు మేస్తూ, నీళ్లు తాగుతూ, గున్నలను మధ్యలో పెట్టుకుని నడుస్తూ ఉన్న ఫోటోలు ఆయనవి. వాటిలో ఉద్రేకం తక్కువ, సమాచారం ఎక్కువ. ఏనుగు తన పనిలో తానుండగా ఎలా ఉంటుందో అవి చెబుతాయి. 1970లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

చిరిగిన చెవి విలువ

మీ ఫోటోల్లో మీరు ముందుగా తీసి పారేసేది ఏది? బహుశా చెవి ఒక్కటే పెద్దగా పడిన ఫోటో. శాస్త్రానికి అన్నిటికంటే విలువైనది అదే కావచ్చు.

1960ల చివర్లో ఇయన్ డగ్లస్-హామిల్టన్ టాంజానియాలోని మన్యారా సరస్సు పార్కులో ఏనుగులను విడివిడిగా గుర్తించే పని చేపట్టాడు. ఏ రెండు ఏనుగుల చెవుల అంచులూ ఒకేలా ఉండవు. ముళ్లకు చిరిగిన చోట్లు, రంధ్రాలు, రక్తనాళాల అల్లిక వేరువేరుగా ఉంటాయి. ఒక్కొక్క దాని చెవులూ దంతాలూ కనిపించేలా ఫోటో తీసి, దాని పేరుతో కార్డు పెట్టుకుంటే, ‘మంద’ అనుకున్నది ‘కుటుంబాలు’గా విడిపోయింది. ఎవరు అమ్మమ్మ, ఎవరు కూతురు, ఎవరు ఎవరి గున్న అనేది తెలిసింది. 1972లో సింథియా మాస్ కెన్యాలోని అంబోసెలిలో ఇదే పద్ధతిలో అధ్యయనం ప్రారంభించింది. శ్రీలంకలోని ఉడ వలవేలోనూ మన కబినీ ప్రాంతంలోనూ ఆసియా ఏనుగుల మీద ఇటువంటి పరిశోధనలే జరిగాయి.

అలా విడివిడిగా గుర్తించడం వల్లే మరో సంగతి బయటపడింది. మగ ఏనుగుకు కణతల నుంచి మదం కారడం మనకు తరతరాలుగా తెలుసు. ‘మదపుటేనుగు’ అనే మాటే అందుకు సాక్ష్యం. ఆఫ్రికా ఏనుగుకు కూడా నిజమైన మదస్థితి ఉందని జాయిస్ పూల్, సింథియా మాస్ 1981లో నేచర్ పత్రికలో నిరూపించారు. ఏ మగ ఏనుగు ఎప్పుడు ఏ స్థితిలో ఉందో ఏళ్ల తరబడి నమోదు చేస్తే తప్ప అది తేలదు. గుర్తింపు లేనిదే నమోదు లేదు.

అంబోసెలిలోని ఎకో అనే పెద్దమ్మ ఏనుగుకు 1990లో ముందుకాళ్లు వంగిపోయిన గున్న పుట్టింది. అది లేవలేక మోకాళ్ల మీద పాకేది. తల్లీ, అక్కా దాన్ని వదిలి కదల్లేదు. మూడో రోజుకి అది నిలబడి నడిచింది. ఈ దృశ్యాలను మార్టిన్ కోల్‌బెక్ చిత్రీకరించాడు. అవి టీవీలో ప్రసారమైనప్పుడు లక్షలాది మంది ఏనుగును కొత్తగా చూశారు. అందులో తుపాకీ లేదు, దూసుకురావడమూ లేదు. నిలబడడానికి ఒక పిల్ల చేసిన ప్రయత్నం ఉంది.

దంతాల వెల

ఇదంతా జరుగుతున్న కాలంలోనే ఏనుగులు పెద్ద ఎత్తున చనిపోతున్నాయి. 1979లో ఆఫ్రికా మొత్తంలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉన్నాయని అంచనా. 1989 నాటికి అవి 6 లక్షలకు పడిపోయాయి. ప్రధాన కారణం దంతాల వ్యాపారం.

1989 జూలై 18న కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మొయి నైరోబీ జాతీయ పార్కులో 12 టన్నుల దంతాల కుప్పకు నిప్పు పెట్టాడు. ఆ మంట ఫోటో ప్రపంచమంతా అచ్చయింది. ఏం చూపించాలో ముందే ఆలోచించి సృష్టించిన దృశ్యం అది. అదే ఏడాది అక్టోబరులో జరిగిన సైటిస్ సమావేశం ఆఫ్రికా ఏనుగును అత్యంత రక్షణ జాబితాలో చేర్చి అంతర్జాతీయ దంతాల వ్యాపారాన్ని నిషేధించింది. నిషేధానికి కారణం ఆ ఒక్క ఫోటో అనడం సరికాదు. చెవుల కార్డుల నుంచీ విమానాల్లో తిరిగి చేసిన లెక్కల నుంచీ వచ్చిన సమాచారం దాని వెనక ఉంది. లెక్కలు చదవని వాళ్లకు ఆ సంగతి చేర్చింది మాత్రం ఫోటోయే.

అయినా దొంగవేట ఆగలేదు. 2007లో నిక్ బ్రాండ్ అంబోసెలిలో నీళ్లు తాగుతున్న ఇగోర్ అనే పెద్ద మగ ఏనుగును దగ్గర నుంచి ఫోటో తీశాడు. మనుషులను నమ్మి వాళ్లను దగ్గరికి రానిచ్చే ఏనుగు అది. 2009లో దంతాల కోసం దాన్ని చంపేశారు. అప్పటికి దాని వయసు 49 ఏళ్లు. 2010లో బ్రాండ్ మరికొందరితో కలిసి ఆ ప్రాంతంలో కాపలాదారులను నియమించే సంస్థను స్థాపించాడు. 2014లో కెన్యాలోని త్సావోలో సటావో అనే ప్రసిద్ధ ఏనుగు విషపు బాణానికి బలైంది. దంతాలు నరుక్కుపోవడంతో ముఖం ఛిద్రమైంది. చెవులను బట్టి, ఒంటి మీది బురదను బట్టి అది సటావోయేనని నిర్ధారించారు. ఆలోచించండి. ఒకప్పుడు కుటుంబాలను తెలుసుకోవడానికి పనికొచ్చిన చెవి అంచు, ఇక్కడ శవాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చింది.

ఫోటోలో కనిపించని అంకెలు

ఈ చరిత్రలో మీ తరానికి సంబంధించిన భాగం ఇక్కడ మొదలవుతుంది. మీ ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన ప్రతి ఫోటోతో పాటు ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం ఫైలులో నమోదవుతాయి. అవి తెర మీద కనిపించవు. ఫైలును ఉన్నదున్నట్టు పంపితే అవీ దాని వెంట వెళతాయి. కొన్ని వేదికలు వాటిని తొలగిస్తాయి, కొన్ని తొలగించవు. అంకెలు పోయినా ‘ఫలానా చెరువు దగ్గర, ఈ ఉదయం’ అని మీరే రాస్తే ఫలితం ఒకటే.

ఆసియా ఏనుగుల్లో బయటికి కనిపించే పెద్ద దంతాలు మగవాటికే ఉంటాయి, వాటిలోనూ అన్నిటికీ ఉండవు. అందువల్ల దొంగవేట మగ ఏనుగుల మీదే పడింది. కేరళలోని పెరియార్ ప్రాంతంలో 1970, 80లలో ఎదిగిన మగ ఏనుగుల సంఖ్య దారుణంగా తగ్గి, ఆడ మగ నిష్పత్తి పూర్తిగా తలకిందులైంది. పెద్ద దంతాల ఏనుగు ఈ రోజు ఎక్కడుందో లోకానికి చెప్పడం అంటే ఏమిటో దీన్నిబట్టి అర్థమవుతుంది. అది అద్భుతమైన ఫోటోయే కావచ్చు. కొన్ని వారాలు ఆగి, చోటు పేరు లేకుండా చూపించినా దాని అందం తగ్గదు.

దొంగలే కాదు, మనమూ ఇబ్బంది పెట్టగలం. శ్రీలంకలోని మిన్నేరియాలో ఎండాకాలం చివర చెరువు గట్టున వందల ఏనుగులు చేరతాయి. ఆ ఫోటోలు చూసి జనం వస్తారు, జీపులు వరుస కడతాయి. జీపులు నీటికీ గుంపుకీ మధ్య నిలిస్తే గున్నలున్న తల్లులు వెనక్కి తిరుగుతాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అభయారణ్యంలో ఫోటో తీయడానికి అనుమతితో ప్రవేశం కల్పిస్తుంది. అదే చట్టం జంతువును వేధించడాన్ని నిషేధిస్తుంది. ఆ రెండూ కలిపి చదవాలి.

దుఃఖాన్ని చూపవచ్చా?

మరి అందమైన, ప్రశాంతమైన ఫోటోలే చూపించాలా? కాదు. 2017లో శాంక్చువరీ పత్రిక బహుమతి పొందిన ఫోటో ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని బాంకుడా జిల్లాలో బిప్లబ్ హాజ్రా తీసినది. జనం విసిరిన మంటల ముద్దల మధ్య నుంచి ఒక ఆడ ఏనుగు పరిగెడుతోంది. వెనక దాని గున్న, ఒంటి మీద మంట. చూడలేని ఫోటో. కానీ దాన్ని దాచి ఉంటే పొలాల నుంచి ఏనుగులను ఎలా తరుముతున్నారో దూరాన ఉన్నవాళ్లకు తెలిసేది కాదు. 2018లో సుప్రీంకోర్టు ఏనుగులను తరమడానికి మంటల ముద్దలు, ఇనుప మేకులు వాడకాన్ని ఆపమని రాష్ట్రాలను ఆదేశించింది.

2020 మే నెలలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు ఒకటి నోరు పేలిపోయి నదిలో నిలబడి ప్రాణం విడిచింది. ఆ ఫోటో నిజం. కానీ దానితో పాటు దేశమంతా తిరిగిన మాటల్లో తప్పులున్నాయి. సంఘటన పాలక్కాడ్ జిల్లాలో జరిగితే మలప్పురం అని ప్రచారమైంది. కావాలని ఏనుగుకే మందుగుండు పెట్టిన పండు తినిపించారన్నారు. అది అడవిపందుల కోసం పెట్టినదని దర్యాప్తులో తేలింది. ఆ తప్పు పేరు వల్ల ఒక జిల్లా ప్రజలందరి మీదా ద్వేషపు మాటలు కురిశాయి. ఫోటో అబద్ధం చెప్పలేదు. కింద రాసిన వాక్యం చెప్పింది. కాబట్టి ఎంపిక అంటే ఫోటోను ఎంచడం మాత్రమే కాదు, దాని కింది వాక్యాన్ని ఎంచడం కూడా.

ఈ సమస్య మనకు దూరం కాదు. దాదాపు రెండు శతాబ్దాలుగా ఏనుగులు లేని చిత్తూరు ప్రాంతానికి 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి అవి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2007 నుంచి ఒడిశా వైపు నుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకూ ఏనుగులు వచ్చాయి. పలమనేరు, కుప్పం వైపు చెరకు, వరి పండించే రైతుకు ఏనుగు రాత్రికి రాత్రే పంట తొక్కేసే ప్రాణి. మన దేశంలో ఏటా వందలాది మంది ఏనుగుల వల్ల చనిపోతున్నారు. కరెంటు తీగలకు, రైళ్లకు ఏనుగులూ బలవుతున్నాయి. పొలంలోని ఏనుగును మాత్రమే చూపితే అది రాక్షసి అవుతుంది. అడవిలోని ఏనుగును మాత్రమే చూపితే రైతు కన్నీరు కనబడదు. రెండూ ఒక సమాజానికి తెలియాలి.

మీ వంతు

ఇప్పుడు మీ ఫోటోలు ముందు పెట్టుకోండి. ఒక్కొక్క దానికీ నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది తీసేటప్పుడు ఏనుగు తన పని మానుకుని నా వైపు తిరిగిందా? ఇది చూసినవారు ఏనుగు గురించి కొత్త నిజం తెలుసుకుంటారా, లేక పాత భయమే పెంచుకుంటారా? దీన్నిబట్టి ఎవరైనా దాన్ని వెతుక్కుంటూ వెళ్లగలరా? కింద నేను రాసిన వాక్యం నాకు నిజంగా తెలిసినదేనా?

ఈ ప్రశ్నలకు నిలిచిన ఫోటో మసకగా ఉన్నా సరే, చూపించండి. నిలవనిది ఎంత బాగున్నా మీ దగ్గరే ఉంచుకోండి. చెవి అంచులు కనిపించేవాటిని తేదీతో సహా దాచి, ఆ అడవి సిబ్బందికో పరిశోధకులకో ఇవ్వండి. వాళ్లకు అవి పనికొస్తాయి.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత వెల కట్టేవాడి మాట. తల్లి తొండం చాటున నీళ్లు తాగుతున్న గున్నకు ఆ లెక్క తెలియదు. బతికిన ఏనుగు విలువే ఎక్కువని లోకానికి చెప్పగల సాధనం ఇప్పుడు మీ జేబులో ఉంది. దాన్ని ఎలా వాడతారో చూడడానికి రేపటి చరిత్ర ఎదురుచూస్తోంది.